‘ఆఫ్ హుక్’ని తెలుగులో ఏమనాలి?

ఉప్పల్ నుంచి ప్రశ్న:
పాలిటెక్నిక్ పిల్లల కోసం టెలిఫోన్ పదకోశం రాస్తున్నాను. ఎక్స్ఛేంజి, డయల్ టోన్, కేబుల్ అలాగే ఉంచేశా, వాటితో పేచీ లేదు. ఆన్ హుక్, ఆఫ్ హుక్ దగ్గర ఆగిపోయాను. ‘కొక్కెం మీద’, ‘కొక్కెం వెలుపల’ అని రాసుకుంటే గాలం వేసేవాళ్ల మాటల్లా ఉన్నాయి. ‘ట్రంకు’కి నిఘంటువులో మాను, మొండెం, తొండం, పెట్టె కనిపిస్తున్నాయి. పెద్దలు దారి చూపండి.

హన్మకొండ సభ్యుడు:
మా దిక్కు ‘ఫోన్ లేపు’ అంటం. ‘ఎన్నిసార్లు చేసినా లేపుతలేడు.’ మల్ల కొక్కెం ఎందుకన్నా?

తెనాలి సభ్యురాలు, ఇప్పుడు అమీర్‌పేట:
మాకు లేపడమంటే నిద్ర లేపడమేనండీ. మేం ఎత్తుతాం.

చిక్కడపల్లి నుంచి, రిటైరైన ఎక్స్ఛేంజి ఉద్యోగి:
ఎత్తినా లేపినా జరిగేది ఒకటే, శాస్త్రానికి సరిపోయే మాటా అదే. పాత ల్యాండ్‌లైన్‌లో ఇంటికొచ్చేవి రెండు రాగి తీగలు. ఎక్స్ఛేంజి బ్యాటరీ నుంచి వాటి మీద 48 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి (ఇంట్లో కరెంటు పోయినా పాత ఫోన్ మాట్లాడింది అందుకే). రిసీవర్ పెట్టి ఉన్నంతసేపు సర్క్యూట్ తెగి ఉంటుంది. ఎత్తగానే దాని కింద నొక్కుకుని ఉన్న మీట పైకి లేస్తుంది, సర్క్యూట్ కలిసి కరెంటు పారుతుంది. అది పసిగట్టి ఎక్స్ఛేంజి డయల్ టోన్ పంపుతుంది. గంట మోగుతుండగా ఎత్తినా గుర్తు అదే, గంట ఆపి అవతలివాళ్లని కలుపుతుంది.

కాబట్టి ఆఫ్ హుక్‌కి ‘ఎత్తి ఉన్న స్థితి’, ఆన్ హుక్‌కి ‘పెట్టి ఉన్న స్థితి’ అని రాయండి. హుక్కు అనే పేరు గోడ ఫోన్ల కాలానిది, అప్పుడు రిసీవర్‌ని నిజంగానే తగిలించేవారు. మన జనం ఎక్కువగా చూసింది బల్ల మీది సెట్టు. మన నోట ‘తగిలించేశాడు’ రాకుండా ‘పెట్టేశాడు’ రావడం అందువల్లేనని నా ఊహ.

పాత చక్రం ఫోన్లలో నంబరు ‘తిప్పడం’ గురించి కూడా ఒక మాట. మనం తిప్పేటప్పుడు లైన్లోకి ఏమీ వెళ్లదు. వేలు వదిలాక చక్రం వెనక్కి తిరిగేటప్పుడు కరెంటు తెగి కలుస్తుంది. 3కి మూడుసార్లు, సున్నాకి పదిసార్లు. ఎక్స్ఛేంజి లెక్కపెట్టేది ఆ తెగడాన్నే. ఆ రోజుల్లో బిల్లుకి భయపడి డయల్‌కి బుల్లి తాళం వేసేవాళ్లు. తెలివైన పిల్లలు డయల్ జోలికి పోకుండా రిసీవర్ కింది మీటనే టకటకా కొట్టి నంబరు పంపేవాళ్లు. ఎక్స్ఛేంజికి ఆ తేడా తెలియదు మరి! బటన్ల ఫోన్లలో ఈ లెక్క లేదు. ఒక్కో బటన్‌కి రెండేసి స్వరాలు కలిసి వెళ్తాయి, 5 నొక్కితే 770, 1336 హెర్ట్జ్.

ఉప్పల్:
ట్రంకు సంగతి, సార్?

చిక్కడపల్లి:
రెండు ఎక్స్ఛేంజీల మధ్య ఉండే లైను. చందాదారుడి ఇంటికి వెళ్లేది కొమ్మ, ఇది మాను. పెట్టె అని మాత్రం రాయకండి. ఊరు దాటి మాట్లాడాలంటే అప్పట్లో ఆపరేటర్‌కి చెప్పి ఆ మాను మీద చోటు బుక్ చేసుకోవాల్సి వచ్చేది, అదే ట్రంక్ కాల్. తొందరైతే అర్జెంటు, ఇంకా తొందరైతే లైట్నింగ్, చార్జీ కూడా అలాగే పెరిగేది. చందాదారుడే నేరుగా ఆ లైను అందుకోవడం ఎస్టీడీ (సబ్‌స్క్రైబర్ ట్రంక్ డయలింగ్). దేశంలో 1960లో కాన్పూర్, లక్నోల మధ్య మొదలైంది. హైదరాబాద్ కోడ్ 040లో మొదటి సున్నా ఎందుకని పిల్లలు అడుగుతారు. ‘నాకు ఊరి బయటి లైను కావాలి’ అని ఎక్స్ఛేంజికి చెప్పడమే ఆ సున్నా.

నా సలహా: ‘ట్రంకు లైను’ అనే ఉంచి పక్కన ఒక వాక్యం రాయండి. ‘ప్రధాన వాహిక’ అంటే మంజీరా నీళ్ల పైపు అనుకుంటారు.

హన్మకొండ:
ఎంగేజ్ టోన్‌కు ఏం రాస్తవ్ అన్నా? మా నాయిన ‘ఎంగేజ్ వస్తున్నది’ అంటడు, నేను ‘బిజీ వస్తున్నది’ అంట.

ఉప్పల్:
రెండూ రాస్తా తమ్ముడూ.

తెనాలి:
వానాకాలంలో మన ఫోన్లో పక్కింటి పెళ్లి సంబంధం మాటలు వినిపించేవి, దానికి?

చిక్కడపల్లి:
క్రాస్ టాక్ అమ్మా. ఒక కేబుల్లో వందల జతలు పక్కపక్కనే ఉంటాయి. తడి చేరితే ఒక జతలోని మాట ఇంకో జతలోకి దిగుతుంది. జనం ‘లైన్లో ఎవరో ఉన్నారు’ అనేవాళ్లు, మా లైన్‌మన్లు రిజిస్టర్లో ‘క్రాస్’ అని రాసేవాళ్లు. పదకోశంలో క్రాస్ టాక్ అనే రాసి, అర్థం దగ్గర జనం మాట పెట్టండి.