"అమ్మా, రావట్లేదు!" అనగానే పరిగెత్తేది నేనే. ఎలా మానుకోవాలి?

రెండోవాడి అమ్మ

మావాడికి ఎనిమిదేళ్లు. తెలివి తక్కువేం కాదు. ఆటలో ఎవరు అవుటో తేల్చాల్సి వస్తే పది కారణాలు చెప్పి మరీ నెగ్గుతాడు. కానీ చేతిలో పని కాస్త అడ్డం తిరిగిందా, రెండు సెకన్లలో "అమ్మా, రావట్లేదు!"

నిన్నటి సంగతే చెప్తాను. స్కూలు బ్యాగు జిప్పులో లోపలి గుడ్డ ఇరుక్కుంది. ఒకసారి లాగాడు. ఇంకోసారి ఇంకా గట్టిగా లాగాడు. బ్యాగు నా ఒళ్లో పడేసి వెళ్లిపోయాడు. నేనూ ఏమీ ఆలోచించకుండా గుడ్డ ఒక చేత్తో బిగించి పట్టుకుని, జిప్పు వెనక్కి జరిపి, తీసి ఇచ్చేశాను. పది సెకన్లు కూడా పట్టలేదు. ఇచ్చాక గుర్తొచ్చింది, వాడు అసలు ఇటు చూడనే లేదని.

లెక్కల దగ్గర ఇంకో గొడవ. లెక్క చివరిదాకా చదవడు. అంకెలు రెండు కనపడగానే తలెత్తి "కూడాలా, తీసెయ్యాలా?" అంటాడు. "ఆలోచించు" అంటాను. "ఆలోచించాను" అంటాడు. ఇంకో మాట గట్టిగా అంటే కళ్లనిండా నీళ్లు. వాళ్ల అక్క ఇలా ఉండేది కాదు. పోల్చకూడదని తెలుసు, అయినా నోరు జారుతుంటుంది.

వాళ్ల నాన్నేమో "వదిలెయ్, వాడే నేర్చుకుంటాడు" అంటారు. రెండు రోజులు వదిలేసి చూశాను. నేర్చుకోలేదు, ఆ పనే మానేశాడు. పజిల్ పుస్తకాలు, ఫోన్‌లో బ్రెయిన్ గేమ్స్ పెట్టమని కొందరు చెబుతున్నారు. వాటివల్ల నిజంగా ఏమైనా ఉంటుందా? లేక మారాల్సింది నేనా?

రిటైరైన లెక్కల మాస్టారు

అమ్మా, "ఆలోచించు" అన్నానన్నారు చూడండి, నేనూ ఏళ్ల తరబడి తరగతిలో అదే మాట అన్నాను. ఆ మాటకి పిల్లలు చేసేదల్లా పెన్సిలు నోట్లో పెట్టుకుని గోడ వైపు చూడటం. ఎలా ఆలోచించాలో నేను చెప్పలేదు, వాళ్లేం చేస్తారు పాపం.

"కూడాలా, తీసెయ్యాలా" మీవాడొక్కడి జబ్బు కాదు. 1980 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో చిన్న తరగతుల పిల్లలకి ఒక లెక్క ఇచ్చారు: "ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. కెప్టెన్ వయసెంత?" 97 మందిలో 76 మంది ఆ అంకెలతోనే ఏదో ఒకటి చేసి వయసు చెప్పేశారు. అది చదివి నేనూ మా తరగతిలో అడిగాను. 36 అని చేతులు లేచాయి. "ఎందుకు కూడావురా?" అంటే ఒకడు "తీసేస్తే 16 వస్తుంది సార్, అంత చిన్నవాడికి ఓడ ఇవ్వరు కదా" అన్నాడు. వాడికి బుర్ర లేదని ఎలా అంటాం? ఉన్న బుర్రంతా అంకెల్ని ఏం చెయ్యాలన్నదాని మీదే పెట్టాడు. లెక్కలో జరుగుతున్న కథ వాడికి పట్టలేదు.

అప్పటినుంచి నేను చేసింది ఒకటే. అంకెల మీద వేలు పెట్టి మూసి లెక్క చదివించడం. "పెట్టెలో కొన్ని పెన్సిళ్లు ఉన్నాయి. కొన్ని పంచారు. కొన్ని మిగిలాయి. మొదట ఎన్ని ఉన్నాయి?" అంకెలు కనపడకపోతే కూడటానికీ తీసెయ్యటానికీ ఏమీ దొరకదు, కథలోకి వెళ్లక తప్పదు. "ఇప్పుడు పెట్టెలో ఎక్కువున్నాయా, ముందు ఎక్కువున్నాయా?" అని అడగండి. "ముందే ఎక్కువ" అంటాడు. అప్పుడు వేలు తియ్యండి: 17 పంచారు, 8 మిగిలాయి. "మిగిలాయి" అన్న మాట చూసి 9 అని రాసేవాడు కూడా ఇప్పుడు ఆగుతాడు. ముందే ఎక్కువని తన నోటితోనే అన్నాడు కదా, 17 పంచిన పెట్టెలో 9 ఎలా ఉంటాయి? అవసరమైతే పెట్టె బొమ్మ గీయించండి. బొమ్మ వంకరగా ఉంటే ఉండనివ్వండి.

ఇక జిప్పు. మీరు చేసిపెట్టడానికీ, మీవారన్నట్టు వదిలెయ్యడానికీ నడుమ చాలా మెట్లున్నాయి. ఇల్లు కట్టేటప్పుడు గోడకి పరంజా కడతారు కదా, పిల్లలకి పని నేర్పడాన్ని 1976లో వుడ్, బ్రూనర్, రాస్ అనే ముగ్గురు పరిశోధకులు సరిగ్గా దానితోనే పోల్చారు. మూడు, నాలుగు, ఐదేళ్ల పిల్లలు 30 మందితో చెక్క దిమ్మెలు పేర్పించి, పక్కనున్న పెద్దమనిషి సాయం ఎలా చేస్తే పని నడుస్తుందో గమనించారు. ఆ దారిలో తేలిన పద్ధతిని నా మాటల్లో చెప్తాను: సాయం చేసినా రాలేదా, ఒక మెట్టు ఎక్కువ సాయం చెయ్యి. వచ్చిందా, తర్వాతిసారి ఒక మెట్టు తగ్గించు.

మీ జిప్పుకి ఆ మెట్లు ఇలా ఉంటాయి. మొదట "ఎక్కడ ఇరుక్కుందో వేలు పెట్టి చూపించు" అని ఊరుకోండి. సగంసార్లు అక్కడే తేలిపోతుంది, ఎందుకంటే అప్పటిదాకా వాడు జిప్పుని చూసి ఉండడు, లాగుతూ ఉంటాడంతే. అయినా కాకపోతే "ముందుకు లాగితే ఇంకా బిగుసుకుంటోంది కదా, ఇంకెటు జరపొచ్చు?" అప్పటికీ కాకపోతే "గుడ్డ నేను పట్టుకుంటా, జిప్పు నువ్వు జరుపు." ఇవన్నీ అయ్యాకే మీరు చెయ్యడం, అదీ వాడు చూస్తుండగా.

పజిళ్లు ఆడించండి, సరదాగా ఉంటాయి. పులి, మేక, గడ్డికట్టని పడవలో ఏరు దాటించే లెక్క నాకిప్పటికీ ఇష్టమే. ఏడు దాట్లు కావాలి, నడుమ మేకని వెనక్కి తేవాలని తట్టినప్పుడు పిల్లల మొహాలు చూడాలి! కానీ దానివల్ల జిప్పు వస్తుందని అనుకోకండి. ఒక పనిలో సాధన చేస్తే ఆ మెరుగు దాన్ని పోలిన పనులకే ఎక్కువగా అందుతుందని 1901లోనే థార్న్‌డైక్, వుడ్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చూపించారు. ఫోన్ గేము బాగా ఆడేవాడు ఫోన్ గేమే బాగా ఆడతాడు.

సైకిలు నాన్న

మాస్టారు చెప్పింది బాగుంది కానీ ఒక్క మాట. పొద్దున బస్సు వచ్చే టైముకి జిప్పు పాఠం మొదలెట్టకండి. నేనలా చేసి బస్సూ పోగొట్టుకున్నాను, పాప మూడ్ కూడా పాడుచేశాను. హడావిడిలో ఉంటే చేసిచ్చెయ్యండి, తప్పులేదు. సెలవు రోజుకి ఒక పని అట్టే పెట్టుకోండి.

మా పాపకి పదేళ్లు. ఒక ఆదివారం సైకిలు చైను ఊడింది. నేను చేతులు వెనక్కి కట్టుకుని కూర్చున్నా, నిజంగానే కట్టుకున్నా, లేకపోతే అవి ఆగవు. చైను పళ్ల చక్రం దగ్గర వేలు పెట్టి పెడల్ తిప్పబోయింది, అక్కడ మాత్రం ఆపాను. వేలు నలిగే చోట ప్రయోగాలొద్దు. తర్వాత ఇరవై నిమిషాలు సైకిలుతో కుస్తీ. ముందు పళ్ల చక్రానికి తగిలిస్తే వెనక ఊడటం, వెనక వేస్తే ముందు ఊడటం. చివరికి వెనక పళ్లకి పూర్తిగా వేసి, ముందు పళ్లకి ఒక పుల్లతో రెండు లింకులు తగిలించి, పెడల్ మెల్లగా తిప్పింది. చైను దానంతటదే ఎక్కింది. పుల్లతో తగిలించొచ్చని నాకే తట్టలేదు, నేను ఎప్పుడూ చేతులు మసి చేసుకునే బాపతు.

కళ్లజోడు వాళ్లమ్మ

ముందు ఒకటి చూడండి. లెక్క మీరే పైకి చదివి వినిపించండి. విన్నప్పుడు సరిగ్గా చేస్తే చిక్కు ఆలోచనలో లేదు, చదవడంలో ఉందన్నమాట. మావాడూ అచ్చం ఇలాగే అంకెలు పట్టుకుని మిగతాది వదిలేసేవాడు. బద్ధకం అని ఏడాది పాటు తిట్టాను. తీరా చూస్తే అక్షరాలు మసకగా కనపడుతున్నాయి. ఆ ఏడాది తిట్లు ఇప్పుడు గుర్తొస్తే మనసు ఎలాగో అవుతుంది.

రెండోవాడి అమ్మ

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. అందరికీ థాంక్స్.

కళ్లజోడు వాళ్లమ్మగారూ, పైకి చదివి చూశాను. విన్నా "కూడాలా, తీసెయ్యాలా" అనే అడిగాడు. అయినా కళ్లు ఒకసారి చూపించాం, బాగానే ఉన్నాయి.

వేలు పెట్టి మూసే పద్ధతి మొదటి రోజు పెద్ద రభస. నా వేలు లాగెయ్యడమే ఆటైపోయింది. మూడో రోజు నుంచి తనే వేలు పెట్టుకుంటున్నాడు. అన్నీ వస్తున్నాయని చెప్పను, ఆదివారం ఐదింట్లో రెండు తప్పాయి. కానీ "ముందు ఎక్కువున్నాయా, ఇప్పుడా" అని గొణుక్కోవడం వినిపిస్తోంది.

మొన్న టేబుల్ డ్రాయరు ఇరుక్కుంది. లోపల ఏదో నిలబడిపోయి తెరుచుకోవట్లేదు. "అమ్మా, రావ..." అని సగంలో ఆగాడు. నేను గదిలోకి వెళ్లలేదు, తలుపు పక్కనే నిలబడ్డాను. వంగి సందులోంచి చూశాడు. స్కేలు తెచ్చి పైనుంచి దూర్చి, లోపలున్న డబ్బాని కిందికి నొక్కాడు. స్కేలు విరిగింది. డ్రాయరు తెరుచుకుంది.

మాస్టారూ, ఆ ఆనందంలో "ఎంత తెలివైనవాడివిరా!" అనేశాను. అలా అనకూడదంటారు కదా?

రిటైరైన లెక్కల మాస్టారు

అన్నారు, అయిపోయింది, టెన్షన్ పడకండి. 1998లో మ్యూలర్, డ్వెక్ అనే పరిశోధకులు ఐదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాల్లో, "తెలివైనవాడివి" అనిపించుకున్న పిల్లలు కష్టమైన బొమ్మల పజిళ్లు తప్పాక డీలా పడ్డారు, మళ్లీ మామూలువిచ్చినా వెనకబడ్డారు. "బాగా కష్టపడ్డావ్" అనిపించుకున్నవాళ్లు నిలబడ్డారు. తర్వాత వేరేవాళ్లు చేసి చూస్తే అంత తేడా రాలేదని కూడా ఉంది, కాబట్టి ఒక్క మాటకి భయపడక్కర్లేదు. నేనైతే పొగడ్త కన్నా "ఎలా చేశావ్?" అని అడుగుతాను. చెబుతున్నప్పుడు వాడికే ఇంకోసారి అర్థమవుతుంది.

అది సరే, స్కేలు విరిగినందుకు ఏమన్నారు?

రెండోవాడి అమ్మ

ఏమీ అనలేదండీ. రెండు ముక్కలూ దాచుకున్నాడు. పొట్టి ముక్క డ్రాయరుకి ఇంకా బాగా పనికొస్తుందట.