పర్మాంగనేట్‌లో డి ఎలక్ట్రానే లేదు కదా, మరి ఆ రంగెక్కడిది?

సెకండియర్_బెంచ్:
ఇంటర్ ఎంపీసీ అండి. డి ఆర్బిటాల్స్ (మెటల్ పరమాణువులో ఎలక్ట్రాన్లు ఉండే ఒక రకం చోట్లు) రెండు గ్రూపులుగా విడిపోయి కింది ఎలక్ట్రాన్ లైట్ మింగి పైకి దూకుతుంది, అందుకే రంగు అని చదివాం, కాపర్ సల్ఫేట్ వరకు ఓకే. కానీ పొటాషియం పర్మాంగనేట్‌లో మాంగనీస్ ప్లస్ 7, అంటే ఏడు ఎలక్ట్రాన్లు పోయినట్టు లెక్క, డి లో సున్నా. దూకడానికి ఏమీ లేదు, అయినా అంత ముదురు రంగా?? సార్‌ని అడిగితే ఎంట్రన్స్‌కి అంత లోతు అక్కర్లేదన్నారు.

బ్యూరెట్_బాబాయ్:
మంచి డౌటే తమ్ముడూ. ఇక్కడ కదిలేది మెటల్ ఎలక్ట్రాన్ కాదు, లైట్ పడగానే చుట్టూ ఉన్న ఆక్సిజన్ల మీది ఎలక్ట్రాన్ మాంగనీస్ ఖాళీ డి ఆర్బిటాల్‌లోకి వెళ్తుంది, చార్జ్ ట్రాన్స్‌ఫర్ అంటారు. 525 నానోమీటర్ల చుట్టుపక్కల ఆకుపచ్చ లైట్‌ని మింగేస్తుంది, మిగిలిన ఎరుపూ నీలం కలిసి ఊదాగా కనిపిస్తాయి. అసలు తమాషా టైట్రేషన్‌లో (సొల్యూషన్‌ని చుక్కచుక్కగా పోసి కొలిచే ప్రయోగం) ఉంది, మోర్స్ సాల్ట్‌లో (ఐరన్ ప్లస్ 2 ఉండే ఉప్పు) పడ్డ పర్మాంగనేట్ రంగు పోతుంది కదా, అప్పుడది మాంగనీస్ ప్లస్ 2, డి లో ఏకంగా 5 ఎలక్ట్రాన్లు! ఉన్నప్పుడు రంగు లేదు, లేనప్పుడు ఉంది.

సెకండియర్_బెంచ్:
అయ్యో ఇప్పుడు ఇంకా కన్ఫ్యూజన్ 😅 5 ఉన్నాయిగా, దూకొచ్చుగా?

లిగాండ్_గోల:
ఐదు ఆర్బిటాల్స్‌లో ఒక్కోటి, స్పిన్లన్నీ (ఎలక్ట్రాన్‌కి ఉండే పైకి/కిందికి అనే గుణం) ఒకే వైపు. పైకెళ్లాలంటే స్పిన్ తిరగాలి, దానికి రూల్ ఒప్పుకోదు, అందుకే చాలా గాఢమైన సొల్యూషన్‌లో తప్ప ఆ లేత గులాబీ కంటికి ఆనదు. మామూలు డి-డి దూకుడు (డి నుంచి డి లోకే) కూడా వీకే, నీళ్లలో టైటానియం ప్లస్ 3 కూడా ఊదా రంగే కానీ దాని మోలార్ అబ్సార్ప్టివిటీ (లైట్‌ని ఎంత గట్టిగా మింగుతుందో చెప్పే సంఖ్య) 5 దగ్గర, పర్మాంగనేట్‌ది 2000 పైన. ఒక్క చుక్క ఎక్కువైతే ఎండ్ పాయింట్ (రియాక్షన్ పూర్తయిందని) తెలిసేది, అది చూపడానికి వేరే రంగు పదార్థం, అంటే ఇండికేటర్, అక్కర్లేనిది అందుకే.

సెకండియర్_బెంచ్:
మరి డి లో సున్నా ఉన్నవన్నీ ఇలాగే ముదురుగా ఉండాలి కదా?

బ్యూరెట్_బాబాయ్:
ఉండవు. వెనడేట్ (వెనేడియం), క్రోమేట్ (క్రోమియం), పర్మాంగనేట్‌లలో మెటల్ వరసగా ప్లస్ 5, 6, 7, మూడింట్లోనూ డి ఖాళీయే. చార్జ్ పెరిగేకొద్దీ మెటల్ ఎలక్ట్రాన్‌ని గట్టిగా లాగుతుంది, తక్కువ ఎనర్జీ లైట్‌కే పని అయిపోతుంది. వెనడేట్ మింగేది కంటికి కనిపించని యూవీలో, కాబట్టి రంగు లేదు, క్రోమేట్‌ది యూవీ నుంచి నీలం అంచు దాకా, అందుకే పసుపు. పర్మాంగనేట్ సంగతి చెప్పాగా. ల్యాబ్‌లో ఫ్లాస్క్ గోధుమరంగుకి తిరిగితే అది మాంగనీస్ డయాక్సైడ్, యాసిడ్ చాల్లేదని అర్థం, డైల్యూట్ సల్ఫ్యూరిక్ ముందే సరిపడా పోసుకో. హెచ్‌సీఎల్ మాత్రం పోయకు, పర్మాంగనేట్ క్లోరైడ్ మీద కూడా ఖర్చయిపోయి రీడింగ్ ఎక్కువొస్తుంది.