రిటైరైన కండక్టర్‌ను. పైసలు లేవు, టైముంది. నలుగురికి పనికొచ్చేది ఏం చెయ్యొచ్చు?

టికెట్‌మిషన్ (హన్మకొండ)

అందరికి నమస్తే. ఆర్టీసీల 31 ఏండ్లు కండక్టర్‌గ చేసి మొన్న దసరాకు ముంగట దిగిపోయిన. ఎక్కువ ఏండ్లు హన్మకొండ–ఏటూరునాగారం సర్వీసే. గూడెప్పాడు, ఆత్మకూరు, మల్లంపల్లి, జాకారం, ములుగు, పస్రా, తాడ్వాయి... నిద్రల లేపి అడిగినా స్టేజీలు వరుసవెట్టి చెప్త. ఏ స్టేజీల ఏ అవ్వ మందులకని ఎక్కుతదో, ఏ పిలగాడు ఏ కాలేజీకి పోతడో నాకు ఎరుకే. 2023 డిసెంబర్ల ఆడోళ్ళకు ఫ్రీ వచ్చినంక జీరో టికెట్లు కొట్టీ కొట్టీ వేళ్ళు నొచ్చినయి గని, బస్సుల ముచ్చట్లు సుత గంతకంత పెరిగినయి.

ఇప్పుడు ఇంట్ల కూసుంటె పిచ్చి లేస్తాంది. పొద్దుగాల నాలుగింటికే మెలకువ వస్తది. మా ఇంటామె "ఎవలన్న ఎక్కిన్రా, చిల్లర ఇచ్చినవా" అని ఎక్కిరిస్తది. టీవీ పెడితె లొల్లి, ఫోన్ తీస్తె లొల్లి. ఎవలకన్న అక్కెరకొచ్చే పని చేద్దామని ఉన్నది. పింఛను సంగతి అడగకుండ్రి, మా ఆర్టీసోళ్ళకు వచ్చేది కూరగాయలకు సరిపోతది, అంతే. మోకాళ్ళు గుంజుతయి. షుగర్ గోళీలు వేసుకుంట.

పోయిన చలికాలం ఒక సంఘమోళ్ళతోని దుప్పట్లు పంచుతందుకు పోయిన. 40 దుప్పట్లు, ఇంత పెద్ద ఫ్లెక్సీ, ఏడుగురు అతిథులు. ఫ్లెక్సీ ఒక మూల నన్ను పట్టుకొమ్మన్నరు. ఒక ముసలాయన దుప్పటి కప్పుకొని నాలుగడుగులు పోయిండు. ఫొటో మంచిగ రాలేదని మల్ల పిలిచి, ఆ దుప్పటి గుంజుకొని మల్ల ఇచ్చిన్రు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలె. వాళ్ళను తప్పువట్టుత లేను, దుప్పటైతె ఇచ్చిన్రు గద. నాతోని మాత్రం ఆ పని కాదు.

పైసలు పెట్టకుంట, ఎక్కువ నడవకుంట, ఫొటో లేకుంట ఏమన్న ఉంటె చెప్పుండ్రి. "నవ్వుతూ పలకరించుడే పెద్ద సేవ" అసొంటియి వద్దు, దండం పెడ్త. అవి వాట్సాప్‌ల రోజూ పొద్దుగాల వస్తనే ఉన్నయి.

కానుగనీడ (కరీంనగర్)

అన్నా, అందరు మొక్కలు నాటమంటరు. నేను నాటొద్దంట. వానకాలంల నాటెటోళ్ళు వందమంది, ఏప్రిల్‌ల నీళ్ళు పోసెటోడు ఒక్కడు దొరకడు. మీ గల్లీల ఇదివరకే ఎవరో నాటి మర్చిపోయిన చెట్లు మూడు చూసుకోండి. ఎండాకాలం మూణ్ణెల్లు రెండు రోజులకొకసారి తలా ఒక బకెట్ నీళ్ళు. కానుగైనా వేపైనా రెండు ఎండాకాలాలు గట్టెక్కిందంటే ఇగ మీ జోలికి రాదు. ఖమ్మం దిక్కు రెడ్డిపల్లిల వనజీవి రామయ్య గారు సైకిల్ మీద మొక్కలు, గింజలు పెట్టుకొని బతుకంతా తిరిగిండు, 2017ల పద్మశ్రీ ఇచ్చిన్రు. అంత పని మనతోని కాదు. మూడు చెట్లయితే అయితది.

స్లైడు_సూది (వరంగల్)

కండక్టర్ అన్నా, నేను బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్‌ని, 17 ఏళ్ళ నుంచి. ముందే చెప్తున్నా, మిమ్మల్ని రక్తం ఇవ్వమని అడగను. ఇంతకుముందు ఎప్పుడూ ఇవ్వని మనిషి 60 దాటాక కొత్తగా వస్తే మేం తీసుకోం. అలవాటుగా ఇచ్చేవాళ్ళైతే 65 దాకా ఇవ్వొచ్చు. షుగర్ గోళీలతో అదుపులో ఉండి, నాలుగు వారాల్లో మందు మార్చకపోతే అభ్యంతరం లేదు. ఇన్సులిన్ వాడేవాళ్ళ దగ్గర మాత్రం తీసుకోం.

మీ దగ్గర మాకు కావాల్సింది మీ ఫోను, మీ నోరు.

మా దగ్గర తిప్పలేందో చెప్తా వినండి. ఎవరో నాయకుడి పుట్టినరోజంటే ఒకే పూట 150 మంది వస్తారు. మంచాలు చాలవు, పళ్ళరసాలు చాలవు, సెల్ఫీలకు అడ్డమని నన్నే పక్కకు జరగమంటారు. ఆ 150 మందీ మళ్ళీ మూడు నెలల దాకా ఇవ్వడానికి లేదు. రక్తమేమో గుమ్మిలో పోసి దాచే వడ్లు కాదు. ఎర్రకణాలు వాటిలో కలిపే మందుని బట్టి 35 నుంచి 42 రోజులుంటాయి, ప్లేట్‌లెట్లైతే 5 రోజులే. డెంగీ రోజుల్లో ఆ అయిదు రోజుల లెక్క చూస్తుంటే నాకే జ్వరం వచ్చినట్టుంటది. ఇక మే నెల. కాలేజీలు బంద్, హాస్టళ్ళు ఖాళీ, ఇచ్చే పిల్లలంతా ఊళ్ళకు పోతారు. తలసీమియా (ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు) పిల్లలకు ఎండాకాలం సెలవులుండవు కదా, రెండు మూడు వారాలకొకసారి ఎక్కించాల్సిందే. ములుగు వైపు నుంచి ఒక తండ్రి ఆరేళ్ళ బిడ్డను ఎత్తుకొని తొలి బస్సుకే దిగుతాడు. గ్రూపు లేదంటే సాయంత్రం దాకా బెంచీ మీదే కూర్చుంటాడు, గొడవ కూడా పెట్టుకోడు. మీ బస్సులోనే వచ్చేవాడేమో, మీకు ముఖం గుర్తుండే ఉంటుంది.

మా దగ్గరికి ఒక కిరాణా షాపాయన వస్తుంటాడు. ఆయన గల్లా పెట్టె కింద ఉద్దెర పుస్తకం ఉంటది, దాని పక్కనే ఇంకో పుస్తకం. పేరు, గ్రూపు, చివరిసారి ఇచ్చిన తేదీ. మగవాళ్ళకు 90 రోజులు, ఆడవాళ్ళకు 120 రోజులు దాటాక ఫోన్ చేసి "ఏం తమ్మీ, బాకీ ఎప్పుడు కడ్తవు" అంటాడు. మొత్తం 60 పేర్లు ఉంటాయేమో. ఆ పుస్తకంలోంచి వారానికి ఇద్దరో ముగ్గురో, పండగా పబ్బమూ ఏం లేకుండా, మామూలు మంగళవారం పూట వచ్చి ఇచ్చి పోతారు. నా పని నడిచేది వాళ్ళ మీదే.

ఇంకొకటి. పేషెంటు తరఫు వాళ్ళ బుగులు. అన్న ఆపరేషన్ కోసం మేకలమ్మి పైసలు తెచ్చిన తమ్ముడు, రక్తం ఇయ్యి అనేసరికి బయటికి పోయి బీడీ ముట్టిస్తాడు. మగతనం పోతుందని, నాగలి పట్టలేనని. తీసేది 350 మిల్లీలీటర్లు, మనిషి 55 కిలోలు దాటి ఉంటే 450 తీస్తాం. కనీసం 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉంటేనే సూది పెడతాం. ఇదంతా నేను తెల్లకోటు వేసుకొని చెప్తే నమ్మరు, ఏదో ఒప్పించి గుంజుకుంటున్నదని చూస్తారు. పక్కన కూర్చొని వాళ్ళ ఊరి పేరుతో మాట్లాడే పెద్దమనిషి చెప్తే లేచి వస్తారు. మీకు ఆ తోవలో ఊళ్ళన్నీ తెలుసు. నాకు తెలియవు.

నాలుగోగేరు (ములుగు)

కాకా, మీ బస్సుల ఇంటర్ మొత్తం ఫుట్‌బోర్డ్ మీదనే చదివిన, తిట్లు ఇంకా యాదికున్నయి 😀

నాది చిన్నది. మన 163 నంబరు హైవే మీద యాక్సిడెంట్ అయితే మనోళ్ళు చుట్టూ నిలబడి వీడియో తీస్తరు, ముట్టుకోరు. పోలీస్ స్టేషన్ చుట్టు తిప్పుతరని భయం. 2016ల సుప్రీంకోర్టు చెప్పింది, 2019ల మోటారు వాహనాల చట్టంల 134ఎ సెక్షన్ పెట్టిన్రు: సాయం చేసినోని మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతం చెయ్యొద్దు. నేను జంగాలపల్లి దాటినంక ఒకాయనను ఆటోల ఏసుకొని పోయిన. ఆస్పత్రిల పేరడిగిన్రు, ఇష్టమైతేనే చెప్త అన్న, ఇగ మల్ల అడగలె. 108కు ఫోన్ కొట్టుడు, రక్తం కారే కాడ శుభ్రమైన బట్ట గట్టిగ ఒత్తిపట్టుడు, నోట్ల నీళ్ళు పొయ్యకపోవుడు. ఈ మూడు ముక్కలు మీ పాత డ్రైవర్లకు, ఆటోస్టాండ్ల పిలగాండ్లకు మీరు చెప్తే వింటరు. నేను చెప్తే "పోరా" అంటరు.

తపాలాసంచి (పరకాల)

తమ్మీ, పల్లెటూరి పోస్టాఫీసులో బ్రాంచి పోస్టుమాస్టర్‌గా చేసి 65కు దిగిపోయినవాణ్ణి. నీ లెక్కనే నాకూ మొదటి ఆరు నెలలు ఇల్లు జైలు లాగే ఉండె. ఇప్పుడు చేస్తున్న పని చెప్తాను, నచ్చితే చేయి.

మా ఊళ్ళోగానీ చుట్టుపక్కలగానీ ఎవరన్నా చనిపోతే దినవారాలు అయ్యేదాకా ఆగుతాను. ఆ తర్వాత ఒక పొద్దున పోయి, బ్యాంకు పాస్‌బుక్కు ఒకసారి చూపియ్యమని అడుగుతాను. మే చివర, జూన్ మొదట్లో పడ్డ పద్దులు చూస్తాను. 436 రూపాయలు కట్ అయి ఉంటే అది జీవన్ జ్యోతి బీమా, ఏ కారణంతో చనిపోయినా రెండు లక్షలు. 20 రూపాయలు కట్ అయి ఉంటే సురక్ష బీమా, ప్రమాదంలో పోతే రెండు లక్షలు. 2022 జూన్‌కు ముందు ఇవే 330, 12 ఉండేవి. ఖాతా తెరిచిన రోజు ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు, ఏటా దాని పాటికది కట్ అవుతూ ఉంటుంది. చనిపోయినాయనకే దాని సంగతి తెలియదు, ఇంక ఆయన భార్యకు ఏం తెలుస్తుంది? ఎవరూ అడగకపోతే ఎవరూ ఇయ్యరు.

ఒకామె సంగతి చెప్తా. మొగడు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోయి స్లాబు మీంచి పడ్డాడు. ముగ్గురు పిల్లలు. పాస్‌బుక్కు బియ్యం డబ్బాలో ఉన్నది, సగం పేజీలకు పురుగు పట్టింది. అందులో 20 ఉన్నది, 436 కూడా ఉన్నది. నాకు చేతులు వణికినయి. మరణ ధ్రువపత్రం, ఎఫ్‌ఐఆర్ నకలు, పోస్టుమార్టం రిపోర్టు జమ చేసేసరికి నెలన్నర. బ్యాంకుకు పోతే ఒకసారి సారు లీవు, ఒకసారి సర్వర్ లేదు, ఇంకోసారి "ఇది మా బ్రాంచిది కాదు". పైగా ఆధార్‌లో ఆమె పేరు లక్ష్మి, పాస్‌బుక్కులో నామినీ భూలక్ష్మి. ఆ రెండక్షరాల కోసం ఎన్నిసార్లు తిరిగామో లెక్కపెట్టలేదు. ఎనిమిది నెలలకు పడ్డాయి, రెండూ కలిపి నాలుగు లక్షలు. కోడిని కోస్తామన్నారు. వద్దని చాయ్ తాగి వచ్చిన.

అన్నిసార్లూ ఇట్లనే అయితదని అనుకోకు. ఇప్పటిదాకా 13 ఇళ్ళకు పోయిన, వచ్చింది నలుగురికే. మిగతావాళ్ళకు ఖాతాలో డబ్బులు లేక ఆ ఏడు కట్ కాలేదు, లేదంటే వయసు దాటింది. జీవన్ జ్యోతి 50 లోపు చేరాలి, 55 దాకానే నడుస్తుంది. సురక్ష 70 దాకా. చనిపోయినాయన పేరున పట్టా ఉంటే రైతు బీమా కూడా అడుగు. 2018 ఆగస్టు నుంచి 18–59 ఏళ్ళ పట్టాదారులకు ఉంది, 5 లక్షలు. అది ఊళ్ళో వ్యవసాయ విస్తరణ అధికారి చూస్తాడు, ఆయన దగ్గరికి తొందరగా పోవాలి.

జాగ్రత్తలు కూడా చెప్పాలి, ఇందులో పేరు చెడడానికి ఒక్క రోజు చాలు. పదో పరకో తీసుకొని ఈ పనులు చేసిపెట్టే దళారులు ఊరూరా ఉన్నారు, మొదట నిన్నూ అట్లనే చూస్తారు. పాస్‌బుక్కు ఒక్క రాత్రి కూడా ఇంటికి తీసుకుపోకు. ఏటీఎం నంబరు, ఓటీపీ చెప్పబోతే చెవులు మూసుకో. వేలిముద్ర వేయించేటప్పుడు వాళ్ళ మనిషి ఒకరు పక్కన ఉండాలి. బతికున్నవాళ్ళ పుస్తకాలు కూడా చూడు, మే 31 నాటికి ఖాతాలో అయిదు వందలన్నా ఉంచుకొమ్మని చెప్పు. కావాల్సింది కళ్ళజోడు, పెన్ను, ఓపిక. మోకాళ్ళతో పెద్దగా పని లేదు.

టికెట్‌మిషన్ (హన్మకొండ)

అందరికి పేరుపేరున నమస్తే. వారం రోజులాయె, ఏం జేసిన్నో చెప్త.

కానుగనీడ తమ్మీ, బకెట్ లేవట్టుడు నాతోని కాలె. పైపు వెట్టిన. మూడు చెట్లల్ల ఒకదానికి ఇప్పటికే మేక మూతి వెట్టింది. నాలుగోగేరు ఎవలో గుర్తువట్టిన, నీ పాస్ రెండుసార్లు డేటు అయిపోయినంక సుత ఎక్కించిన, యాదుంచుకో.

పోస్టుమాస్టర్ కాకా, మీరు చెప్పినంక ముందుగాల నా పాస్‌బుక్కే తీసిన. 20 రూపాయలు ఏటేట కట్ అయితున్నయి, నాకే ఎరుకలేదు! ఇగ నామినీ కాడ చూస్తె మా అమ్మ పేరున్నది. అమ్మ పోయి తొమ్మిదేండ్లు. మా ఇంటామె ఆ పేజీ చూసి ఒక్క మాట అనలె, ఆ సప్పుడు లేకపోవుడే తిట్టుకంటె ఎక్కువుండె. తెల్లారి పోయి మార్పిచ్చిన. ఇప్పుడు మా గల్లీల తొమ్మిది పుస్తకాలు చూసిన, మూడింట్ల నామినీలు పైకి పోయినోళ్ళే.

బ్లడ్ బ్యాంకు అక్కా, మీ పని మాత్రం నాకు మంచిగ కుదిరింది. నా ఫోన్ల పాత ప్యాసింజర్ల నంబర్లు రెండు వందల దాక ఉన్నయి, సామాన్లు మర్చిపోయినోళ్ళయి, చిల్లర ఇయ్యాల్సినోళ్ళయి. పేర్లు తెల్వక "పస్రా బీఎస్సీ", "జాకారం మేస్త్రి", "తాడ్వాయి తేనె" అని పెట్టుకున్న. పదకొండు మందికి కొట్టిన. నలుగురికే వాళ్ళ గ్రూపు ఎరుక. జాకారం మేస్త్రి అయితే "నువ్వు రమ్మంటె వస్త గని, నా పదిహేను రూపాయల చిల్లర 2019 నుంచి నీ కాడనే ఉన్నది" అన్నడు. టికెట్ ఎనుక రాసిచ్చిన్నట, టికెట్ ఇంక దాసుకున్నడు. ఇస్త అన్న. ఆ పదిహేను తీసుకొని రక్తం ఇచ్చి పోతడట.

నోటుబుక్ కొన్న. గ్రూపులవారిగ రాయాల్నా, స్టేజీలవారిగ రాయాల్నా?

స్లైడు_సూది (వరంగల్)

స్టేజీల వారీగా రాయండి అన్నా, మీకు అదే గుర్తుంటది. గ్రూపు మాత్రం నోటిమాట నమ్మి రాయొద్దు, కార్డు చూస్తేనే రాయండి. "ఓ పాజిటివ్ అనుకుంట" అన్న వాళ్ళలో చాలామంది కాదు. మేస్త్రిని పొద్దున తిని రమ్మనండి, ఖాళీ కడుపుతో వస్తే వెనక్కి పంపుతా.