శిక్ష పడ్డ ఆఫీసరుకి 2000 ఎకరాలా? 1763 ప్రకటన మీద ఒక సందేహం

ప్రశ్న: అందరికీ నమస్తే. కెనడాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపంలో ఉంటున్నాను, ఇక్కడి తెలుగువాళ్ల పత్రికకి ద్వీపం చరిత్ర రాస్తూ 1763లో మూడో జార్జి రాజు ఇచ్చిన ప్రకటన దగ్గర ఇరుక్కున్నా. అందులో ‘రెడ్యూస్డ్ ఆఫీసర్ల’కి భూములివ్వమని ఉంది. ‘హోదా తగ్గించిన అధికారులు’ అని రాసేశాను గానీ, తప్పు చేసి హోదా పోగొట్టుకున్నవాడికి ఎదురు భూమి ఇవ్వడమేంటో ఎంత ఆలోచించినా బుర్రకెక్కట్లేదు. రేపు ప్రెస్సుకి పంపాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: అమ్మో, ముందు అది కొట్టేయండి! వాళ్లకి శిక్షేం పడలేదు. బ్రిటన్, ఫ్రాన్స్‌ల ఏడేళ్ల యుద్ధం అయిపోయింది, దళాలు రద్దయ్యాయి, ఆఫీసర్లని సగం జీతం మీద ఇంటికి పంపారు, అంతే. ‘దళం రద్దయిన అధికారులు’ అనండి. ఆ యుద్ధంలో ఉత్తర అమెరికాలో పనిచేసినవాళ్లకే ఇది, పైగా అక్కడే నివాసం ఉంటూ స్వయంగా వచ్చి అడగాలి, లండన్‌లో కూర్చుని అర్జీ పెడితే కుదరదు. మేజరు, ఆపై హోదా వాళ్లకి 5000 ఎకరాలు, కెప్టెన్‌కి 3000, సబాల్టర్న్‌కి 2000, హవల్దారు స్థాయి వాళ్లకి 200, మామూలు సిపాయికి 50. సిపాయికీ మేజరుకీ నూరింతల తేడా, చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ, పరువు దక్కించారు. మరి అదే ప్రకటనలో ఉన్న ‘క్విట్‌రెంట్’? ఊరికే ఇచ్చి అద్దె అడగడమేంటి?

జవాబు 2: అది అద్దె కాదన్నా. మన ఇనాం భూములకి కట్టుబడి అని కొద్దిపాటి శిస్తు ఉండేది కదా, దాదాపు అదే. మొదటి పదేళ్లు అదీ లేదు, ఆ తర్వాత అందరితో పాటే కట్టాలి. సాగు చేయాలన్న షరతూ ఉంది.

జవాబు 1: ఇంకో మాట, మీది ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపం అన్నారు కాబట్టి చెప్తున్నా, అక్కడి కథ వేరు, రెండూ కలిపేయకండి. ద్వీపాన్ని సుమారు 20 వేల ఎకరాల చొప్పున 67 ముక్కలు చేసి 1767లో లండన్‌లో లాటరీ తీశారు. దక్కించుకున్నవాళ్లలో మిలిటరీ ఆఫీసర్లు చాలామందే. పదేళ్లలో 200 ఎకరాలకి ఒక మనిషి చొప్పున జనాన్ని దింపాలి, అంటే ముక్కకి వందమంది. చాలామంది అసలు ఆ గట్టునే తొక్కలేదు! ఆ ఎక్కడో ఉండే భూస్వాముల గొడవ తెగడానికి 1875లో ద్వీప ప్రభుత్వం చట్టం చేసి భూములు కొనాల్సొచ్చింది. అక్కడ ముందునుంచీ ఉన్న మిక్మాక్ జనాన్ని మాత్రం ఎవరూ అడగలేదు, ఆ ముక్క మీ వ్యాసంలో తప్పకుండా ఉండాలి.

ప్రశ్న అడిగినవారు: లాటరీ ఈ ప్రకటన కిందే జరిగిందని రెండో పేరాలో రాసేశాను, ఇప్పుడే మారుస్తున్నా. చివరిగా, సబాల్టర్న్‌ని తెలుగులో ఏమనాలి?

జవాబు 2: కెప్టెన్ కంటే కింది ఆఫీసరు, లెఫ్టినెంటో ఎన్‌సైనో. నేనైతే ‘చిన్న ఆఫీసరు’ అని రాసేస్తా.