మా తోట పక్కనే ఓఎన్‌జీసీ బావి ఉంది, ఆ ధైర్యంతో 6 లక్షలు ఆయిల్ షేర్లలో పెట్టొచ్చా?

రాజోలు_కుర్రోడు:

అందరికీ నమస్కారమండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. పోయిన నెల మా నాన్న తాతగారి వాటాగా వచ్చిన కొబ్బరి తోటలో 15 సెంట్లు అమ్మేశారు. దింపుకి మనిషి దొరకట్లేదు, దొరికినా కాయ డబ్బులు కూలీకే సరిపోతున్నాయి, దానికి తోడు నల్లి తగిలి కాయ పిడికెడంత అయిపోయింది, ఇంకెందుకులే అని అమ్మేశారు. అప్పులు తీర్చగా 6 లక్షలు మిగిలాయి. ఇప్పుడు ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ. అమ్మ ఎఫ్‌డీ అంటుంది, నాన్న ఏం మాట్లాడరు, నేనేమో ఆయిల్ షేర్లు అంటున్నాను.

నా లెక్క ఏంటంటే, చిన్నప్పటి నుంచి మేం చూస్తున్నది ఇదే కదా. సెకండ్ షో చూసి సైకిళ్ళ మీద వస్తుంటే బావి దగ్గర ఎప్పుడూ మండే ఆ గ్యాసు మంట వెలుగుకి రోడ్డు కనపడేది, టార్చి అక్కర్లేదు. తాటిపాకలో రిఫైనరీ ఉంది, రోడ్ల మీద ట్యాంకర్లు, రిగ్గులు, మన నేల కిందే ఇంత సరుకు ఉంటే ఆ కంపెనీ ఎక్కడికి పోతుంది అని. డివిడెండ్ కూడా బానే ఇస్తారంటున్నారు.

కానీ హైదరాబాద్‌లో ఉన్న ఫ్రెండ్ ఒకడు, పదేళ్ళలో అన్నీ కరెంటు బళ్ళే, పెట్రోల్ ఎవడు కొంటాడురా అని నవ్వుతున్నాడు. వాట్సాప్ గ్రూపులో ఇంకొకాయన క్రూడ్ (ముడి చమురు) పీపా 150 డాలర్లకి పోతుంది ఇల్లు తాకట్టు పెట్టైనా కొనండి అంటున్నాడు. ఎవర్ని నమ్మాలో తెలీట్లేదండి. ఇంకో మాట, ఇందులో ఒక 3 లక్షలు రెండేళ్ళలో చెల్లి పెళ్ళికి కావాలి.

రిగ్గు_మామయ్య:

బాబూ, నేను రిగ్గుల మీద కాంట్రాక్టు పనిలో 19 ఏళ్ళు చేశాను, మోకాళ్ళు పోయాక మానేశాను. ముందుగా ఆ మంట సంగతి చెప్తాను. నీకు ధైర్యం ఇచ్చిన ఆ ఎర్ర వెలుగు ఉంది చూడు, అది అమ్ముకోలేక తగలబెట్టే గ్యాసు. పైపులోకి పోయి డబ్బులైన గ్యాసు నీకు కనపడదు.

మా సైటులో ఒక గ్యాస్ బావి ఉండేది. బావి నోటి మీద వాల్వులన్నీ గుత్తిలా ఉంటాయి, దాన్ని క్రిస్మస్ ట్రీ అంటారు, దానికి ప్రెజర్ గేజీ. రోజూ పొద్దున్న ఆరింటికి ఆ ముల్లు ఎక్కడుందో చూసి రిజిస్టర్లో రాయటం నా పని. మొదట్లో ముల్లు కదిలేదే కాదు. ఏడాది తిరిగేసరికి వారం వారం వెంట్రుకవాసి కిందకి జారటం మొదలెట్టింది, నేనే తప్పు రాస్తున్నానేమో అని సారు గేజీ మార్పించాడు, కొత్త గేజీ కూడా అదే చూపించింది. తర్వాత గ్యాసుతో పాటు నీళ్ళు రావటం మొదలైంది. ఊళ్ళో వాళ్ళకి మాత్రం బావి ఎప్పట్లాగే ఉంది, ఫెన్సింగ్ అలాగే ఉంది, వాచ్‌మన్ అలాగే ఉన్నాడు.

బావి అంటే అంతే, తీసిన కొద్దీ తగ్గుతుంది, కొత్తవి తవ్వుతూనే ఉండాలి. పెద్దది కావాలంటే సముద్రంలో రిలయన్స్ వాళ్ళ గ్యాస్ ఫీల్డు కేజీ డీ6 చూడు. 2009 ఏప్రిల్లో గాడిమొగ దగ్గర గ్యాసు ఒడ్డుకొచ్చింది, మరుసటి ఏడాదికి రోజుకి దాదాపు 6 కోట్ల ఘనపు మీటర్లు తీశారు, ఇంకా పెరుగుతుంది 8 కోట్లకి పోతుంది అన్నారు. 2013 వచ్చేసరికి ఒకటిన్నర కోటికి పడిపోయింది, బావుల్లోకి నీళ్ళు, ఇసక. ఆ గ్యాసు వస్తుందని నమ్మి మన రాజమండ్రి, సామర్లకోట పక్క కట్టిన కరెంటు ప్లాంట్లు తుప్పు పట్టాయి. వాళ్ళ దగ్గర ఎంతమంది ఇంజనీర్లు ఉన్నారో, వాళ్ళకే అంతుచిక్కలేదు, మనం రోడ్డు మీద నుంచి చూసి ఏం చెప్తాం. తర్వాత 2020 డిసెంబర్ నుంచి అక్కడే వేరే చోట కొత్త బావులు మొదలెట్టి మళ్ళీ పైకి తెచ్చారులే, అది వేరే సంగతి.

తాటిపాక రిఫైనరీ అన్నావు. అది ఏడాదికి 66 వేల టన్నులది. దేశం మొత్తం మీద రిఫైనరీల కెపాసిటీ 25 కోట్ల టన్నుల పైమాటే. లక్షకి పాతిక అన్నమాట. ఓఎన్‌జీసీకి ఇప్పటికీ కూడు పెట్టేది ముంబై హై, అది 1974లో కనిపెట్టిన ముసలి ఫీల్డు. నువ్వు కొనే షేరు బరువంతా అక్కడుంది, మీ తోట పక్కన కాదు. ఇక్కడ మన వైపు చెప్పుకోదగ్గది సముద్రంలో ఓఎన్‌జీసీకి ఉన్న 98/2 బ్లాకు, ఏళ్ళ తరబడి ఇదిగో అదిగో అని 2024 జనవరిలో మొదటి ఆయిల్ తీశారు.

పాశర్లపూడి బావి 1995 జనవరిలో అంటుకుని 65 రోజులు మండింది, అప్పటికి నువ్వు పుట్టావో లేదో. మా మేనత్త వాళ్ళు పశువుల్ని తోలుకుని మా ఇంటికొచ్చేశారు. దగ్గరుండి చూసినంత మాత్రాన అందులో డబ్బు పెట్టాలనిపించదు నాకైతే. నా దగ్గర ఒక్క షేరు కూడా లేదు.

చెరువుగట్టు_భీమవరం:

రిగ్గు గారు బావి సంగతి చెప్పారు, నేను రేటు సంగతి చెప్తాను. నేను ఓఎన్‌జీసీ కొని కాలినోణ్ణి.

తమ్ముడూ మన రొయ్య ఎలాంటిదో అదీ అలాంటిదే. పెంచేది మనం, నిద్ర మానుకుని ఏరేటర్ల దగ్గర కాపలా కాసేది మనం, రేటు మాత్రం ఎక్కడో పలుకుతుంది. 2025 ఆగస్టులో అమెరికా వాడు 50 శాతం సుంకం అన్నాడు, మా చెరువులో నీళ్ళు మారలేదు మేత మారలేదు కౌంటు కూడా బానే ఉంది, అయినా కొనేవాడు ఫోన్ ఎత్తలేదు. క్రూడ్ కూడా అంతే, కంపెనీ ఎంత బాగా తవ్వినా రేటు దాని చేతిలో ఉండదు.

2014లో కొత్త గవర్నమెంటు వచ్చింది, డీజిల్ రేటుని మార్కెట్‌కి వదిలేస్తారు, ఇక ఓఎన్‌జీసీ మోసే సబ్సిడీ భారం పోతుంది, ఓఎన్‌జీసీకి పండగే అని అందరూ ఎగబడ్డారు, నేనూ 400 పైన కొన్నాను. అన్నట్టే అక్టోబర్లో డీజిల్ రేటు వదిలేశారు కూడా! కానీ జూన్‌లో 115 డాలర్లున్న క్రూడ్ 2016 జనవరికి 30 కిందకి పడింది. నా అంచనా కరెక్టు, నా డబ్బులు పోయాయి, అర్థమైందా? మధ్యలో రెండు షేర్లకి ఒకటి బోనస్ ఇచ్చారు, సరే కొంచెం ఊపిరి. తర్వాత 2020 కరోనా, ఏప్రిల్ 20న అమెరికాలో క్రూడ్ ఫ్యూచర్స్ (ముందస్తు బేరాల రేటు) మైనస్ 37 డాలర్లు, అంటే పట్టిన సరుకు పెట్టుకోటానికి చోటు లేక ఎదురు డబ్బులిచ్చి తీసుకుపొమ్మన్నట్టు, ఐసు లేని రోజు రొయ్య పట్టినోడికే తెలుస్తుంది ఆ బాధ. షేరు ఆ మార్చిలో 70 కంటే కిందకి పోయింది. మా ఆవిడ రోజూ అడిగేది. 2021లో 150 రాగానే దండం పెట్టి అమ్మేశాను.

2024 ఆగస్టులో అదే షేరు 340 దాటింది. మా ఆవిడకి చెప్పలేదు.

ఛార్జింగ్_కాకినాడ:

నేను కరెంటు స్కూటర్ వాడుతున్నా మూడేళ్ళ నుంచి, అయినా చెప్తున్నా, పదేళ్ళలో పెట్రోల్ పోతుంది అనేది హైదరాబాద్ మాట. నార్వేలో 2024లో కొత్తగా అమ్మిన కార్లలో పదింటికి దాదాపు తొమ్మిది కరెంటువే, అక్కడే ఇంకా పెట్రోల్ బంకులున్నాయి ఎందుకంటే పాత బళ్ళు ఉన్నాయి కాబట్టి. మనకి లారీలు, ట్రాక్టర్లు, పడవ ఇంజన్లు, పైన ఈయన చెరువు మీద డీజిల్ జనరేటర్. రోడ్డు మీద తారు కూడా క్రూడ్ అడుగు మడ్డే. ప్లాస్టిక్ సంచి, పైపులు, చేపల వల నైలాను దారం అన్నీ అందులోంచే.

పెద్దపెద్దోళ్ళకే ఒక మాట లేదు. ప్యారిస్‌లో ఉండే ఐఈఏ (అంతర్జాతీయ ఇంధన సంస్థ) 2030 లోపే చమురు వాడకం శిఖరానికి వచ్చేస్తుంది అంది, చమురు అమ్మే దేశాల కూటమి ఒపెక్ వాళ్ళేమో 2050 దాకా పెరుగుతూనే ఉంటుందన్నారు (అమ్ముకునేవాడు అలాగే అంటాడు). 2025 నవంబర్లో ఆ ఐఈఏనే, ఇప్పుడున్న పాలసీలే సాగితే 2050 దాకా పెరగొచ్చు అని ఇంకో లెక్క కూడా వేసింది. వాళ్ళే రెండు లెక్కలు వేసుకుంటుంటే వాట్సాప్ ఆయనకి 150 ఎలా తెలిసింది?

ఒకటి మాత్రం నా కళ్ళెదురుగా జరుగుతోంది, కాకినాడలో గ్యాసుతో యూరియా చేసిన నాగార్జున ఎరువుల ప్లాంటుని గ్రీన్ అమ్మోనియాకి (గ్యాసు బదులు ఎండ, గాలి కరెంటుతో చేసేది) మారుస్తున్నారు.

కొత్తపేట_బుజ్జి:

అన్నా అయితే బంకులోళ్ళ షేర్లు కొనొచ్చు కదా, ఐఓసీ హెచ్‌పీసీఎల్, క్రూడ్ తగ్గితే వాళ్ళకి లాభమేగా. తవ్వేవాడు ఒకటి అమ్మేవాడు ఒకటి, ఏది పెరిగినా మనమే గెలుస్తాం 😄

పద్మక్క_రాజమండ్రి:

బుజ్జీ, పేపర్ మీద బానే ఉంటుంది నాన్నా. నేను ట్యాక్స్ రిటర్నులు వేస్తుంటాను, ఈ షేర్లు పట్టుకుని వచ్చేవాళ్ళని చాలామందిని చూశాను. ఈ రెండు రకాల కంపెనీలకీ యజమాని ఒకరే, ఢిల్లీ. అదీ మీరెవరూ రాయనిది.

తవ్వే కంపెనీకి మంచి రోజులొస్తే ఏమవుతుందో 2022లో చూశాం. యుద్ధం మొదలై మార్చిలో క్రూడ్ 139 డాలర్ల దాకా ముట్టింది, ఇంకేముంది లాభాలే అనుకున్నారు, జూలై 1న విండ్‌ఫాల్ ట్యాక్స్ (అనుకోకుండా వచ్చిన లాభం మీద పన్ను) వేశారు, దేశంలో తీసిన క్రూడ్ టన్నుకి 23,250 రూపాయలు. పెంచుతూ తగ్గిస్తూ 2024 డిసెంబర్లో ఎత్తేశారు. అదే సమయంలో బంకు కంపెనీలు క్రూడ్ ఎక్కువకి కొని పెట్రోల్ పాత రేటుకే అమ్మాయి, రేటు పెంచుకునే హక్కు పేపర్ మీద 2010 నుంచీ ఉన్నా సరే, హెచ్‌పీసీఎల్ 2022-23 నష్టాల్లో ముగించింది. అంటే ఒకే ఏడాదిలో ఇటు మీద అటు మీద కూడా కోత పడింది, బుజ్జి లెక్క అక్కడ తప్పింది. తర్వాత ఏడాది క్రూడ్ దిగింది, పెట్రోల్ దించలేదు, బంకు కంపెనీలకి లాభాలు దండిగా వచ్చాయి. 2024 మార్చిలో ఎలక్షన్ల ముందు లీటరుకి 2 రూపాయలు తగ్గించారు. 2018లో హెచ్‌పీసీఎల్‌లో గవర్నమెంటు వాటాని ఓఎన్‌జీసీ చేత 36,915 కోట్లకి కొనిపించారు, చిన్న వాటాదారుని ఎవరూ అడగలేదు. ఓఎన్‌జీసీలో గవర్నమెంటు వాటా దాదాపు 59 శాతం, మిగతా అందరం పక్కన నిలబడేవాళ్ళమే.

ఇక డివిడెండ్. ఓఎన్‌జీసీ 2023-24కి షేరుకి 12.25 ఇచ్చింది, 2020-21లో 3.60 మాత్రమే. 250కి కొన్నావనుకో, 12.25 అంటే నూటికి 5 దగ్గర, అది కూడా నీ ఆదాయంలో కలిపి స్లాబు ప్రకారం ట్యాక్స్ కట్టాలి, 2020 ఏప్రిల్ నుంచి అంతే. మీ అమ్మగారు చెప్పిన ఎఫ్‌డీ దానికేం తీసిపోదు, పైగా దాంట్లో అసలు ఉంటుంది.

ఏం చెయ్యాలి అంటావా, పెళ్ళి 3 లక్షలు ఈ రోజే ఎఫ్‌డీ వెయ్యి, దాని గురించి మాట్లాడను కూడా. ఇంకో లక్ష ఇంట్లో ఎవరికైనా బాగోకపోతే అని పక్కన పెట్టు. మిగిలిన 2 లక్షల్లో నిఫ్టీ ఇండెక్స్ ఫండు (50 పెద్ద కంపెనీల షేర్లు కలిపి కొనే ఫండు) కొంటే అందులో రిలయన్స్, ఓఎన్‌జీసీ ఎలాగూ ఉన్నాయి, విడిగా కొనాలనే సరదా ఉంటే ఒక 20, 25 వేలు. అదీ ఒక్కసారి కాదు, ఏడాది మీద విడగొట్టి. తోట అమ్మిన డబ్బు మళ్ళీ రాదు.

రాజోలు_కుర్రోడు:

అందరికీ చాలా థ్యాంక్సండి. రిగ్గు మామయ్యగారూ, ఆ మంట సంగతి నాన్నకి చదివి వినిపించాను. నెల రోజుల తర్వాత మొదటిసారి ఈ విషయం మీద నోరు విప్పారు, "నాకు తెలుసు, నువ్వు అడగలేదు" అన్నారు. ఆయన కుర్రతనంలో ఒక సైటులో ఆర్నెల్లు బస్తాలు మోశారంట, నాకిప్పటిదాకా తెలీదు.

పెళ్ళి డబ్బులు ఎఫ్‌డీ వేసేశాను, అమ్మ సంతోషం. లక్ష పక్కన పెట్టాను. ఓఎన్‌జీసీ మాత్రం 40 షేర్లు కొంటానండి, నవ్వుకోండి పర్లేదు, ఆయ్, రోజూ కిటికీలోంచి కనపడుతుంటే ఉండబట్టదు. మిగతాది ఇండెక్స్ ఫండులోకి నెలనెలా.

చెరువుగట్టు_భీమవరం:

40 అంటే పర్లేదు. రోజూ రేటు చూడకు, దింపు రోజులు గుర్తు పెట్టుకున్నట్టు 45 రోజులకోసారి చూడు చాలు.

పద్మక్క_రాజమండ్రి:

డీమ్యాట్‌లో (షేర్లు ఉండే ఖాతాలో) నామినీ పేరు పెట్టావా నాన్నా? మా అన్నయ్య పెట్టలేదు, ఆయన పోయి మూడేళ్ళవుతోంది, ఆ కాస్త షేర్ల కోసం వదిన ఇంకా కాగితాలు పట్టుకుని తిరుగుతూనే ఉంది.