పసిఫిక్ దాటే చిన్న తెరచాప పడవలో తమ్ముడు వెళ్తానంటున్నాడు, ముందుగా ఏమేం అడగాలి?

గంజాం ఆడపడుచు:

అందరికీ నమస్కారం. మాది గోపాల్‌పూర్. నాన్న చేపల వేటకు వెళ్ళేవారు, తమ్ముడు మర్చంట్ నేవీలో డెక్ మీద పనిచేస్తున్నాడు, కాంట్రాక్ట్ అయిపోయి ఇప్పుడు ఇంటి దగ్గరే ఉన్నాడు. వాడితో ఇదివరకు ఓడలో పనిచేసిన ఒక ఆఫీసర్ ఉద్యోగం మానేసి 36 అడుగుల తెరచాప పడవ కొనుక్కున్నాడట. మార్చిలో పనామా నుంచి బయల్దేరి గాలపాగోస్, మార్క్వెసస్ దీవుల మీదుగా తాహితీ దాకా వెళ్తారు. ఆయన, ఆయన భార్య, మూడో మనిషిగా మా తమ్ముడు. జీతం లేదు, తిండి వాళ్ళదే, విమానం ఖర్చు సగం సగం. వీడు అప్పుడే బట్టలు సర్దుకునేంత హుషారుగా ఉన్నాడు.

అమ్మకు మాత్రం ఈ మాట విన్న దగ్గర్నుంచి నిద్ర లేదు. ఆవిడకు సముద్రం తెలియదని కాదు, 2013లో ఫైలిన్ తుఫాను మా ఊరి దగ్గరే తీరం దాటింది, అప్పుడు ఏం చూసిందో నేనూ చూశాను. పెద్ద ఓడ వేరు, 36 అడుగుల పడవ వేరు, అది తిరగబడితే ఎవరొస్తారు అంటుంది. నాకు వాడిని ఆపాలని లేదు. కానీ ఊరికే సరే అనాలనీ లేదు. ఈ దారిలో నిజంగా వెళ్ళినవాళ్ళు, లేదా తెలిసినవాళ్ళు చెప్పండి, అసలు ప్రమాదం ఎక్కడ, ఆ కెప్టెన్‌ని ఏం అడగాలి?

తెరచాప (పర్లాకిమిడి):

అక్కా, గాలపాగోస్ నుంచి మార్క్వెసస్ వరకు నేను క్రూగా వెళ్ళాను, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు అమ్మగారి భయం గురించి. మన ఫైబర్ బోటు బోర్లా పడితే బోర్లానే ఉంటుంది, ఎందుకంటే దాని కింద బరువు లేదు. సముద్రాలు దాటే తెరచాప పడవ అలా కాదు, దాని అడుగున కీల్ అని సీసంతోనో ఇనుముతోనో చేసిన బరువు ఉంటుంది, చాలా పడవల్లో మొత్తం బరువులో మూడో వంతు అదే. పడవ పక్కకు పడుకున్నా ఆ బరువు దాన్ని మళ్ళీ నిలబెడుతుంది. ఇంకోటి, మన తీరంలో బోట్లు తిరగబడేది ఎక్కువగా ఒడ్డు దగ్గర, కెరటం విరిగే చోట. లోతు తగ్గితేనే కెరటం అలా విరుగుతుంది. పసిఫిక్ మధ్యలో లోతు నాలుగు కిలోమీటర్లు, అక్కడ కెరటం ఎత్తుగా ఉన్నా పొడుగ్గా, వాలుగా వచ్చి పడవను ఎత్తి దించి వెళ్ళిపోతుంది. పెద్ద తుఫానులో నడిసముద్రంలోనూ విరుగుతాయి, కాదనను, అందుకే ఏ నెలలో వెళ్తున్నారన్నది అంత ముఖ్యం.

దక్షిణ పసిఫిక్‌లో తుఫానుల కాలం నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా. మార్చిలో పనామా వదిలితే మార్క్వెసస్ చేరేసరికి ఏప్రిల్ చివరో మే మొదలో అవుతుంది, అందుకే ఎక్కువమంది ఆ లెక్కలోనే బయల్దేరతారు. ఎల్ నినో, అంటే పసిఫిక్ నడుమ నీళ్ళు మామూలుకన్నా వేడెక్కడం, వచ్చిన ఏడాదిలో ఈ లెక్క తప్పుతుంది, 1982-83లో మామూలుగా తుఫాను రాని తాహితీ వైపుకి కూడా వరసగా వచ్చాయి. కాబట్టి కెప్టెన్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న, ఈ ఏడాది ఎల్ నినో ఉందా, ఉంటే ఏం మారుస్తారు? ఆయన తడుముకుంటే అదే మీకు జవాబు.

దారి రెండు రకాలుగా ఉంటుంది. పనామా నుంచి గాలపాగోస్ వరకు సుమారు 900 నాటికల్ మైళ్ళు (ఒక నాటికల్ మైలు అంటే 1.85 కిలోమీటర్లు), గాలి నమ్మకం లేదు, మబ్బు కమ్మి ఉరుములు మెరుపులతో వాన, తర్వాత గంటలకొద్దీ గాలి స్తంభిస్తుంది. ఇంజన్ ఉంది కదా అనుకోకండి, 150 లీటర్ల డీజిల్‌తో గంటకు రెండున్నర లీటర్లు కాలుస్తూ పోతే 300 మైళ్ళు కూడా కష్టం. గాలపాగోస్ దాటాక ఆగ్నేయపు గాలి పట్టుకుంటుంది, ఇక 3000 మైళ్ళు దాదాపు వెనక నుంచే తోస్తుంది. రోజుకు 120 మైళ్ళు వేసుకుంటే ఇరవై అయిదు రోజులు. ఆ రోజులన్నీ పడవ ఎడమకీ కుడికీ ఊగుతూనే ఉంటుంది, ఒక్క నిమిషం ఆగదు. అన్నం వండాలంటే కుక్కర్ మూత బిగించే వండాలి, వేపుడైనా సరే కుక్కర్ గిన్నెలోనే, నూనె చిందితే పారిపోవడానికి చోటుండదు. స్టవ్ పడవతో పాటు ఊగేలా కడతారు, మనమే నడుముకు పట్టీ వేసుకుని స్టవ్ ఎదురుగా నిలబడాలి.

చుక్కాని ఎవరు పడతారు అని అడగండి. బ్యాటరీతో నడిచే ఆటోపైలట్ ఒక్కటే ఉంటే చాలదు. గాలితోనే పనిచేసే సెల్ఫ్ స్టీరింగ్ పడవ వెనక బిగించి ఉండాలి, దానికి కరెంటు అక్కర్లేదు. ఆ రెండూ పోతే ముగ్గురు మనుషులు పగలూ రాత్రీ వంతులవారీగా చుక్కాని పట్టుకోవాలి, వారం తిరిగేసరికి ఒంట్లో శక్తి ఉండదు. తెరచాప కట్టే నిలువు కొయ్యను నిలబెట్టే స్టీలు తీగలు ఎన్నాళ్ళవి? పదేళ్ళు దాటితే మార్చారా? నీళ్ళ ట్యాంకు ఒకటా రెండా? ముగ్గురికి రోజుకు మూడేసి లీటర్లు వేసుకున్నా నెలకు 270 లీటర్లు, ఒకే ట్యాంకులో ఉండి అది పాడైతే కథ ముగిసినట్టే.

నా మట్టుకు నాకు, పడవ చిన్నదా పెద్దదా అన్నది ఆఖరి ప్రశ్న. ఆ కెప్టెన్ తనకేమైనా అయితే మిగతా ఇద్దరూ పడవను నడపగలరా అని ఆలోచించాడా లేదా, అదే అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న.

ఛత్రపురం నేవీ:

అమ్మా, నేను నౌకాదళంలో చేసి రిటైరయ్యాను. మీ అమ్మగారికి ఒక విషయం చెప్పండి. 2017 సెప్టెంబర్‌లో గోవా నుంచి ఐఎన్ఎస్‌వీ తారిణి అనే 56 అడుగుల తెరచాప పడవలో ఆరుగురు నేవీ ఆడపిల్లలు బయల్దేరి ప్రపంచమంతా చుట్టి 2018 మేలో తిరిగొచ్చారు. వాళ్ళలో పాతర్లపల్లి స్వాతి మన విశాఖపట్నం అమ్మాయి, బొడ్డపాటి ఐశ్వర్య హైదరాబాద్ అమ్మాయి. న్యూజిలాండ్‌లోని లిటిల్టన్ నుంచి ఫాక్‌లాండ్స్ దీవుల దాకా పసిఫిక్ దాటి, దక్షిణ అమెరికా చివరి కొన కేప్ హార్న్ చుట్టారు. ఆ చలి సముద్రంలో వీచే గాలులకు మీ తమ్ముడు వెళ్ళే దారికీ పోలికే లేదు, మీవాడిది వెచ్చటి దారి. అయినా ఆ పిల్లలు అంత దూరం వెళ్ళింది ధైర్యం ఒక్కదానితో కాదు, ఏళ్ళ తరబడి ట్రైనింగ్ తీసుకుని వెళ్ళారు.

కమాండర్ అభిలాష్ టోమీ సంగతి కూడా తెలుసుకోవాలి. 2013లో ఎక్కడా ఆగకుండా ఒంటరిగా ప్రపంచం చుట్టిన మొదటి భారతీయుడు ఆయన. 2018లో ఒంటరిగా ప్రపంచం చుట్టే తెరచాప పడవల రేసులో హిందూ మహాసముద్రం దక్షిణాన తుఫానుకు పడవ బోర్లాపడి కొయ్య విరిగి, వెన్ను దెబ్బతిని కదల్లేక పడుకుంటే ఒక ఫ్రెంచ్ నౌక వచ్చి కాపాడింది. నేను చెప్పేదేంటంటే, సహాయం వస్తుంది కానీ రోజులు పడుతుంది. పసిఫిక్ నడిమధ్యకు హెలికాప్టర్ రాలేదు, దగ్గర్లో ఉన్న ఓడో ఇంకో పడవో రావాలి. కాబట్టి ఎపర్బ్ అనే, ప్రమాదంలో ఉపగ్రహం ద్వారా సంకేతం పంపే అత్యవసర బీకన్ ఆ పడవ పేరు మీద రిజిస్టరై ఉందా, పడవ మునిగితే ఎక్కే గాలి తెప్ప, అదే లైఫ్ రాఫ్ట్, దాని సర్వీసింగ్ తేదీ ఏంటి, ఈ రెండూ కాగితం మీద చూపించమనండి. నోటిమాట వద్దు.

మీ తమ్ముడు ఓడల్లో చేశాడు కదా, బ్రిడ్జి మీద నుంచి ఫైబర్ పడవ రాడార్‌లో ఎంత సరిగా కనపడదో వాడికే బాగా తెలుసు. తెరచాప పడవకు దారివ్వాలని రూల్ ఉంది, కానీ కనపడనిదానికి ఎవరూ దారివ్వలేరు. ఏఐఎస్, అంటే చుట్టుపక్కల ఓడలు ఎక్కడున్నాయో రేడియోలో తెలిపే పరికరం, ఊరికే చూపించేది కాకుండా మన ఉనికిని కూడా పంపేది ఉండాలి.

వీసా గురించి ఎవరూ చెప్పలేదు. తాహితీ ఫ్రాన్స్ కింద ఉంది, కానీ యూరప్ దేశాలకు ఇచ్చే మామూలు షెంజెన్ వీసా అక్కడ చెల్లదు. తాహితీ, మార్క్వెసస్ ఉన్న ఫ్రెంచ్ పాలినీషియాకు చెల్లుతుందని వీసా మీద రాసి ఉండాలి. పనామా వీసా వేరే. ఇవి చేతికొచ్చాకే టికెట్ కొనమనండి.

ఆర్యపల్లి తెప్ప:

అప్పా, నేను చదువుకున్నోణ్ణి కాదు, మా అబ్బాయి చేత టైప్ చేయిస్తున్నాను. పైన ఇద్దరూ మంచి మాటలు చెప్పారు. నాకు తెలిసింది ఒకటే చెప్తాను. మన పిల్లలు నడక నేర్చినప్పటి నుంచీ బోటు అంచు మీద నిలబడతారు, వల లాగుతారు, రాత్రి అంచుకు వెళ్ళి ఒంటేలు పోసుకుంటారు, ఎవడూ నడుముకు తాడు కట్టుకోడు. కడితే నవ్వుతారు. ఆ అలవాటే నాకు భయం. మనకి పక్కన ఇంకో నాలుగు బోట్లుంటాయి, కేకేస్తే వినపడుతుంది, అక్కడ ఎవరుంటారు? వాడు పడవల్లో పుట్టి పెరిగాడు కాబట్టి వాడికే ఎక్కువ చెప్పాలి.

ఇంకో మాట. పగడపు దిబ్బల దీవులంటున్నారు, అక్కడ చేపలు బాగా పడతాయా? వాడు ఊరుకోడు, గేలం పట్టుకెళ్తాడు.

తెరచాప (పర్లాకిమిడి):

బాబాయ్ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం, ఇది నేను ముందే రాయాల్సిన మాట. లెక్క చూడండి. ఆరు నాట్ల వేగంలో, అంటే గంటకు ఆరు నాటికల్ మైళ్ళు, పడవ సెకనుకు మూడు మీటర్లు పోతుంది, నిమిషానికి 185 మీటర్లు. వెనక గాలికి తెరచాపను కొయ్యకర్రతో బయటికి తోసి కట్టి ఉంటారు, దాన్ని విప్పి పడవను తిప్పేసరికి చాలా నిమిషాలు అవుతుంది. రెండు మీటర్ల కెరటాల మధ్య మనిషి తల అప్పటికి కనపడదు, రాత్రయితే ఇక చెప్పక్కర్లేదు. మా పడవలో రూల్ ఏంటంటే, చీకటి పడ్డాక కింద గదిలోంచి తల బయటపెట్టే ముందే నడుము బెల్టు తాడును హుక్కుకి తగిలించాలి, ఒక్కడే కాపలా ఉన్నప్పుడు ముందువైపుకి వెళ్ళకూడదు, వెళ్ళాల్సి వస్తే ఇంకొకర్ని లేపాలి. అంచుకు వెళ్ళి పోసుకోవడం పూర్తిగా బంద్, బకెట్ ఉంది. ఆ కెప్టెన్ పడవలో ఈ రూల్ ఉందా అని అడగండి. పనామాలో లంగరు ఎత్తకముందే మనిషి పడిపోతే ఏం చేయాలో ముగ్గురూ ఒకటికి రెండుసార్లు చేసి చూడాలి, కెప్టెనే పడిపోయాడనుకుని కూడా చేయాలి.

చేపల గురించి బాబాయ్ అడిగింది మంచి ప్రశ్న. నడిసముద్రంలో గేలానికి పడే ట్యూనా వంటివి నిశ్చింతగా తినొచ్చు, పొద్దున్నే డెక్ మీద ఎగిరే చేపలు పడి ఉంటాయి, అవీ తినొచ్చు. కానీ దీవులు చేరాక పగడపు దిబ్బల దగ్గర పట్టిన చేప మాత్రం ఆ ఊరివాళ్ళని అడగకుండా తినకూడదు. సిగ్వటెరా అని ఒక విషం ఉంటుంది, దిబ్బల మీది నాచులోంచి చిన్న చేపలకు, వాటిని తిన్న పెద్ద చేపలకు చేరుతుంది. ఎంత తాజా చేపైనా, ఎంత ఉడికించినా పోదు. పెదాలు తిమ్మిరెక్కుతాయి, చల్లటిది ముట్టుకుంటే కాలినట్టుంటుంది, కొందరికి వారాలపాటు వదలదు. ఒక దీవి దగ్గర మంచిదైన చేపే పక్క దీవి దగ్గర విషం, అందుకే అక్కడి జాలర్లని అడగడం తప్ప దారి లేదు.

మార్క్వెసస్ తర్వాత తువామోతు దీవులొస్తాయి, అవి నీటి మట్టానికి కాస్త పైన ఉండే పగడపు వలయాలు. లోపలి సరస్సులోకి వెళ్ళే సందు మన చిలికా సరస్సు సముద్రంలో కలిసే ముఖం లాంటిదే, పోటు పాటులకు నీళ్ళు ఏరులా పరిగెడతాయి. నీటి వేగం తగ్గిన వేళ, సూర్యుడు నెత్తిమీద ఉన్నప్పుడు లోపలికి వెళ్ళాలి, ముందువైపు ఒకరు నిలబడి దిబ్బలు చూస్తూ ఉండాలి. గోపాల్‌పూర్ కుర్రాడికి ఆ పనికి కళ్ళు బాగా పనికొస్తాయి.

గంజాం ఆడపడుచు:

అందరికీ చాలా థాంక్స్. మీ ప్రశ్నలన్నీ కాగితం మీద రాసి తమ్ముడితో ఆయనకి వీడియో కాల్ చేయించాను, పక్కనే కూర్చున్నాను. స్టీలు తీగలు మార్చిన బిల్లు చూపించారు, ట్యాంకులు రెండున్నాయి, గాలి సెల్ఫ్ స్టీరింగ్ ఉంది. లైఫ్ రాఫ్ట్ సర్వీసింగ్ తేదీ దాటిపోయింది, పనామాలో చేయించి సర్టిఫికెట్ పంపాకే తమ్ముడు విమానం ఎక్కుతాడని చెప్పాం, ఆయన ఒప్పుకున్నారు. ఆయన భార్య పడవను ఒక్కతే నడపగలనని, కావాలంటే మీ తమ్ముడికి నేనే నేర్పిస్తానని అంది, ఆవిడ మాట తీరు చూస్తే నాకు నమ్మకం కలిగింది. ఆర్యపల్లి బాబాయ్ మాట అమ్మకి చదివి వినిపించాను, అదే వాడికి రోజుకోసారి చెప్తోంది.

ఇంకొక్కటి. పడవలో శాటిలైట్ ఇంటర్నెట్ ఉందట. అమ్మ రోజూ ఫోన్ చెయ్యమంటోంది, చెయ్యనా అని వాడు నన్ను అడుగుతున్నాడు. ఏం చెప్పాలి?

ఛత్రపురం నేవీ:

రోజూ చేస్తానని మాత్రం మాటివ్వొద్దని చెప్పమ్మా. నీళ్ళు తగిలి ఆ పరికరం పాడైందనుకో, వాడు అక్కడ హాయిగా అన్నం తింటుంటే ఇక్కడ మీరు కోస్ట్ గార్డ్‌కి ఫోన్లు చేస్తుంటారు. పడవ ఎక్కడుందో మ్యాప్ మీద చూపించే ట్రాకర్ వేరేగా పెట్టించండి, దాని లింక్ మీ ఫోన్లో ఉంచుకోండి. అది కూడా ఆగిపోతే ఎన్ని రోజులు ఆగి ఎవరికి చెప్పాలో కెప్టెన్‌తో ముందే మాట్లాడి రాసిపెట్టుకోండి, తాహితీలోని రెస్క్యూ సెంటర్ నంబర్ కూడా అందులో ఉండాలి. మార్క్వెసస్ టైమ్ మనకన్నా సరిగ్గా పదిహేను గంటలు వెనక, మనకి సోమవారం పొద్దున్న ఎనిమిదైతే వాళ్ళకి ఆదివారం సాయంత్రం అయిదు. అమ్మగారికి ఈ లెక్క గోడ మీద రాసి పెట్టండి. ఎపర్బ్ రిజిస్ట్రేషన్‌లో అత్యవసరంలో ఎవరికి ఫోన్ చేయాలన్న చోట కెప్టెన్ తరఫు వాళ్ళ నంబర్లతో పాటు మీ నంబర్ కూడా వేయించండి, చాలామంది ఇది అడగరు.