ఊయలబల్ల మీద గూడబాతు: అతికించినట్టు కనబడకుండా వేయడం ఎలా?

ప్రశ్న (కావలి):
మా తాతగారి కాలంనాటి హాలును, అందులోని టేకు ఊయలబల్లను యాక్రిలిక్ రంగులతో చిత్రిస్తూ, నేలపట్టు పక్షుల అభయారణ్యంలో చూసిన గూడబాతును (పెలికాన్) ఆ బల్ల మీద కూర్చోబెట్టాను. గది కుదిరింది గాని, పక్షి మాత్రం వేరే బొమ్మలోంచి కత్తిరించి అంటించినట్టుంది. ఏం చేయమంటారు?

జవాబు (ఒంగోలు):
పాదాలు బల్లను తాకేచోట సన్నని ముదురు నీడ లేకపోతే పక్షి గాలిలో తేలినట్టుంటుంది. కిటికీ ఏ వైపున ఉందో రెక్కల మీది వెలుగు కూడా అటునుంచే పడాలి. టేకు ఎర్రదనం పొట్ట కింది బూడిదతెలుపు ఈకల మీద కొద్దిగా ప్రతిఫలించాలి. గూడబాతు నాలుగడుగులకు పైగా పొడవుంటుంది కనుక, దానిని కోడిపుంజంత వేస్తే చమత్కారమే పోతుంది.

జవాబు (నెల్లూరు):
18వ శతాబ్దపు ఫ్రాన్సులో కోతులకు దొరల దుస్తులు తొడిగి సంపన్నుల గోడల మీద చిత్రించే ఒరవడి ఉండేది. షాంతియి కోటలో క్రిస్టఫ్ హ్యువే వేసినవని చెప్పే అలాంటి చిత్రాలు నేటికీ ఉన్నాయి. మీకు ఆ దారి అక్కరలేదని నా అభిప్రాయం. కళ్లజోడు, కండువా పెట్టకుండా, చేప కోసం వెతికే దాని సహజమైన చూపునే ఉంచండి. గది ఎంత పద్ధతిగా ఉంటే ఆ చూపు అంత నవ్విస్తుంది.

జవాబు (కందుకూరు):
బల్ల మీద పరుపు వేసి ఉంటే, పక్షి కింద అది కాస్త కుంగినట్టు కూడా చూపండి.